అండమాన్, నికోబార్ దీవుల పక్షులు

బంగాళాఖాతానికీ అండమాన్ సముద్రానికీ నడుమ గట్టు పోసినట్టు నిలిచిన దీవుల వరుస అండమాన్, నికోబార్. ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ దీవి మొదలు దక్షిణాన గ్రేట్ నికోబార్ కొస అయిన ఇందిరా పాయింట్ దాకా దీని పొడవు 700 కిలోమీటర్లకు పైనే. దిబ్బలూ రాళ్లూ కలుపుకుంటే 836 దీవులు. మనుషులు కాపురం ఉండేవి నలభైకి లోపు. అన్నిటి నేలా పోగేస్తే 8,249 చదరపు కిలోమీటర్లు. విభజించక ముందటి కృష్ణా జిల్లా ఇంతకంటే కాస్త పెద్దది.

ఈ కాస్త నేల మీద 270కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. నిజానికి ఆ అంకెలో అబ్బురమేమీ లేదు. తెలంగాణలోనైనా, ఆంధ్రప్రదేశ్‌లోనైనా అంతకంటే ఎక్కువ జాతులే కనిపిస్తాయి. అబ్బురం ఇంకోచోట ఉంది. వీటిలో ఇరవైకి మించిన జాతులు ప్రపంచంలో మరెక్కడా లేవు. కొన్నిటికైతే లోకమంతా ఒకే ఒక్క దీవి. అందుకే ఇక్కడ జాతులను లెక్కపెట్టడం కంటే, ఏ పక్షి ఏ దీవిలో ఉంది, పక్క దీవిలో ఎందుకు లేదు అని అడగడమే ఎక్కువ ఫలితమిస్తుంది. వడ్రంగిపిట్టలనే తీసుకోండి. అండమాన్‌లో రెండు రకాలున్నాయి, నికోబార్‌లో ఒక్కటీ లేదు. బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ సంస్థ ఈ రెండు సమూహాలనూ ఒకే గాటన కట్టకుండా, వేర్వేరు స్థానీయ పక్షి ప్రాంతాలుగా గుర్తించడానికి కారణం ఇదే.

సముద్రం గీసిన గీత

అండమాన్ దీవులు మయన్మార్‌లోని అరకాన్ యోమా కొండల వరుసకు కొనసాగింపు. నీళ్లలో మునిగిన ఆ వరుస శిఖరాలే మనకు దీవులుగా కనిపిస్తాయి. మంచుయుగాల్లో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగినప్పుడు ఉత్తర, మధ్య, దక్షిణ అండమాన్‌లు ఒకే నేలగా కలిసిపోయాయి. వాటి మధ్య నీళ్లు లోతు తక్కువ కావడమే అందుకు కారణం. డిగ్లీపూర్ అడవిలో పలికే పిట్టే శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) శివార్లలోనూ పలుకుతుందంటే అప్పటి కలయిక ఫలితమే.

అండమాన్‌కు దక్షిణాన ఉన్న టెన్ డిగ్రీ ఛానల్ సంగతి వేరు. పదో ఉత్తర అక్షాంశం మీద సుమారు 150 కిలోమీటర్ల వెడల్పున పరుచుకున్న ఆ జలసంధి చాలా లోతు. మంచుయుగాల్లో కూడా ఎండలేదు. కాబట్టి అండమాన్‌కు పక్షులు ఎక్కువగా ఉత్తరాన ఉన్న బర్మా వైపు నుంచి చేరాయి. గ్రేట్ నికోబార్‌కు సుమత్రా ఉత్తర కొస 200 కిలోమీటర్లలోపే ఉంది గనుక అక్కడికి దక్షిణం నుంచి చేరాయి. మధ్యలో ఈ నీటి కందకాన్ని దాటినవీ దాటనివీ ఏవో చూస్తే ఎవరి రెక్కబలం ఎంతో తెలుస్తుంది. పండ్ల కోసం దీవి నుంచి దీవికి తిరిగే అలవాటున్న పావురాలు, గువ్వలు దాటాయి. అండమాన్ కేంద్రపాలిత ప్రాంతానికి రాష్ట్రపక్షి అయిన అండమాన్ అడవి పావురం రెండు సమూహాల్లోనూ ఉంది. చెట్టు విడిచి నీటి మీదికి పోని వడ్రంగిపిట్టలు, జెముడుకాకులు అండమాన్‌లోనే ఆగిపోయాయి.

తెల్లతల గోరింక దాటింది గానీ దీవికో రూపం తెచ్చుకుంది. కార్ నికోబార్‌లో దాని తోక మొదలు దగ్గర ఎర్రటి గోధుమ రంగు ఉంటుంది. అండమాన్ పక్షికి ఆ రంగు ఉండదు. ఒకే పిట్ట, రెండు ఊళ్లు, రెండు యాసలు అనుకోవచ్చు.

పేర్లు పెట్టినవాళ్లు

1858లో ఆంగ్లేయులు పోర్ట్ బ్లెయిర్‌ను ఖైదీల దీవిగా మార్చాక ఇక్కడి పక్షులు కలకత్తాకు పెట్టెల్లో చేరడం మొదలైంది. 1862 నుంచి 1864 దాకా ఇక్కడ సూపరింటెండెంట్‌గా ఉన్న రాబర్ట్ టైట్లర్ నమూనాలు పంపేవాడు. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం క్యురేటర్ ఎడ్వర్డ్ బ్లైత్ వాటిని వర్ణించి శాస్త్రీయ నామాలు ఇచ్చేవాడు. ఆ పేర్లను చదివితే అప్పటి కచేరీ కళ్లకు కడుతుంది. అండమాన్ పాముగద్దకు ఎల్గిన్ పేరు, అడవిలో దాక్కునే ఎర్రని నీటికోడికి కానింగ్ పేరు పెట్టారు. ఇద్దరూ వైస్రాయ్‌లే. యావజ్జీవ ఖైదీలు కొట్టిన అడవిలోని పిట్టలకు ప్రభువుల పేర్లు దక్కాయి.

1873లో ఏ.ఓ. హ్యూమ్ స్కోషియా అనే స్టీమరెక్కి దీవులన్నీ తిరిగాడు. వెంట వాలెంటైన్ బాల్, ఫెర్డినాండ్ స్టోలిచ్కా వంటి శాస్త్రజ్ఞులు ఉన్నారు. తాను నడిపిన స్ట్రే ఫెదర్స్ పత్రికలో ఆ మరుసటి ఏడాది అచ్చువేసిన సుదీర్ఘ నివేదికే ఈ దీవుల పక్షిశాస్త్రానికి పునాది. నార్కొండం హార్న్‌బిల్, అండమాన్ అడవి పావురం, అండమాన్ స్కాప్స్ గుడ్లగూబ వంటి పక్షులకు శాస్త్రీయ నామం ఇచ్చింది హ్యూమే. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ పుట్టుకకు పూనుకున్న హ్యూమ్ ఈయనే అని మన పాఠ్యపుస్తకాల్లో చదివినవాళ్లకు చాలామందికి తట్టదు. తన దగ్గరున్న సుమారు 82,000 పక్షి నమూనాలను ఆయన అదే ఏడాది బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు.

తరువాతి తరంలో 1901 నాటి అబ్బాట్, క్లాస్‌ల యాత్ర, 1960లు, 70లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున హుమాయూన్ అబ్దులాలి చేసిన పర్యటనలు ముఖ్యమైనవి. అబ్దులాలి 1966, 1977లలో గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వద్ద సేకరించిన రెండు గుడ్లగూబల మీదే ఆధారపడి 1998లో పమేలా రాస్ముసెన్ నికోబార్ స్కాప్స్ గుడ్లగూబను కొత్త జాతిగా ప్రకటించింది. కొత్త జాతి దొరకడానికి అడవికే పోనక్కర్లేదు, మ్యూజియం అర ఒకటి శ్రద్ధగా వెతికినా చాలని దీనివల్ల తెలుస్తుంది.

ఇవన్నీ బయటివాళ్లు పెట్టిన పేర్లు. గ్రేట్ అండమానీ జాతులవారికి పక్షుల గురించి తమదైన వివేచన ఉంది. కొన్ని పక్షులను వాళ్లు పూర్వీకులుగా భావిస్తారు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి, పక్షిశాస్త్రవేత్త సతీశ్ పాండే కలిసి 2011లో వాళ్ల పక్షి పేర్లను పుస్తకంగా వెలువరించారు. గ్రేట్ అండమానీ భాషల్లో ఒకటైన బో మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. తన భాషలో బదులు చెప్పేవాళ్లు ఎవరూ మిగలక ఆమె పక్షులతో మాట్లాడేదని అబ్బి రాసింది.

అడవి గొంతులు

దీవుల నేలలో ఎనభై శాతానికి పైగా అడవే. తెల్లవారుజామున అండమాన్ అడవిలోకి అడుగుపెట్టిన తెలుగువాడికి చెవి కొంత గుర్తుపడుతుంది, కన్ను మాత్రం తడబడుతుంది. జెముడుకాకి కూత వినిపిస్తుంది. పక్షి కనబడితే ఒళ్లంతా నల్లగా కాక, పాలు కలిపిన కాఫీ రంగులో ఉండి, రెక్కలు మాత్రమే గోధుమగా ఉంటాయి. అది అండమాన్ జెముడుకాకి. పసులపోలిగాడిలా తోక చీలిన పక్షి ఎగిరితే అది అండమాన్ డ్రాంగో. పశువుల వీపులు లేని చోట అది అడవి కొమ్మల మధ్య పురుగుల్ని వేటాడుతుంది. ఒళ్లంతా నలుపు, నెత్తిన ఎర్రని జుట్టుతో కనిపించేది అండమాన్ వడ్రంగిపిట్ట. ఇక్కడి షామా గొంతు మెయిన్‌ల్యాండ్ షామా గొంతులాగే మధురం, కానీ పొట్ట ఎర్రగా కాకుండా తెల్లగా ఉంటుంది. పొడవు తోక, పసుపు కన్ను గల అండమాన్ ట్రీపై కాకుల కుటుంబానికి చెందింది.

గద్దల్లో ఒక చిక్కుంది. ఒకే దీవిలో రెండు పాముగద్దలున్నాయి. ముదురు గోధుమ రంగులో లోపలి అడవిలో తిరిగేది అండమాన్ పాముగద్ద. తీరం దగ్గర, మడ అడవుల్లో కనిపించేది జుట్టు పాముగద్ద. ఇదే రకం పాముగద్ద తెలుగునాట అడవుల్లోనూ ఉంది. రెంటినీ కలిపేయడం సాధారణ పొరపాటు. గ్రేట్ నికోబార్‌లో ఇంకొకటి ఉంది, ప్రపంచంలోని అతి చిన్న గద్దల్లో అదొకటి.

రాత్రి ఈ దీవులు గుడ్లగూబల రాజ్యం. ఇన్ని చిన్న దీవులకు ఇన్ని గుడ్లగూబలు ఎందుకొచ్చాయన్నది ఆసక్తికరమైన ప్రశ్న. పోటీపడే వేటాడే జంతువులు లేకపోవడమే ఒక కారణం కావచ్చు. అండమాన్ బార్న్ గుడ్లగూబ డి రోప్‌స్టార్ఫ్ పేరు మోస్తుంది. నికోబార్‌లో అధికారిగా ఉండి, నికోబారీ భాషను అధ్యయనం చేస్తూ 1883లో కమోర్టాలో హత్యకు గురైన మనిషి ఆయన.

పావురాల్లో చెప్పుకోదగ్గది నికోబార్ పావురం. మెడ చుట్టూ జడలా వేలాడే ఈకలు, పచ్చలు రాగిలో ముంచినట్టున్న మెరుపు, పొట్టి తెల్లతోక. పేరులో నికోబార్ ఉన్నా ఇది నికోబార్‌కే పరిమితం కాదు. ఇక్కడి నుంచి పసిఫిక్‌లోని సోలమన్ దీవుల దాకా చిన్న చిన్న దీవుల్లో ఉంటుంది. శత్రువులు లేని దీవిలో గుంపుగా రాత్రి గడిపి, పగలు మేతకు పెద్ద దీవులకు పోతుంది. దీని కడుపులోని రాయి గట్టి గింజలను నూరేస్తుంది. 2002లో వెలువడిన డీఎన్‌ఏ అధ్యయనం ప్రకారం బతికున్న పక్షుల్లో డోడోకు అతి దగ్గరి బంధువు ఇదే. అంతరించిన మారిషస్ డోడో చుట్టానికి ఎగరగలిగే రెక్కలు మిగిలి ఉండటం దాని అదృష్టం.

మట్టిదిబ్బే తల్లి

నికోబార్ మెగాపోడ్ కోడి అంత పక్షి. ముదురు గోధుమ రంగు, మొహం మీద ఎర్రని చర్మం, నేల తవ్వడానికి అనువైన పెద్ద పాదాలు. తన గుడ్డును ఎప్పుడూ పొదగని పక్షి ఇది. తీరానికి చేరువ అడవిలో ఇసుక, మట్టి, రాలిన ఆకులు పోగేసి, కొన్ని మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు దాకా దిబ్బ పెడుతుంది. ఆకులు కుళ్లేటప్పుడు పుట్టే వేడే గుడ్డును పొదుగుతుంది. మన పొలాల్లో పెంటకుప్పలో చెయ్యి పెడితే తగిలే వేడే, అంతే. తల్లిదండ్రులు దిబ్బను తవ్వి వేడిని సరిచూస్తూ ఉంటాయి. రెండు నెలలకు పైగా గడిచాక పిల్ల మట్టిని తనే చీల్చుకుని బయటికొస్తుంది. అప్పటికే ఈకలు పూర్తిగా వచ్చి ఉంటాయి. దానికి మేత పెట్టేవాళ్లు, కాపాడేవాళ్లు ఉండరు. పుట్టిన కొద్దిసేపటికే ఎగరగలదు.

ఈ పక్షి ఇక్కడ ఉండటమే భూగోళ శాస్త్రానికి ఒక ముడి. మెగాపోడ్ కుటుంబం ఎక్కువగా ఆస్ట్రేలియా, న్యూగినీ, ఇండోనేషియా తూర్పు దీవుల్లో, ఫిలిప్పీన్స్‌లో ఉంది. మధ్యలో సుమత్రా, మలయా ద్వీపకల్పం ఉన్నా అక్కడ ఒక్క మెగాపోడ్ లేదు. ఇటు నికోబార్‌లో మాత్రం ఉంది. మధ్య దీవుల్లో వేటాడే జంతువుల వల్ల అంతరించి, ఇక్కడ మాత్రమే మిగిలిందా? మనుషులు పడవల్లో తెచ్చి వదిలారా? శాస్త్రజ్ఞులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

తీరానికి కొద్ది మీటర్ల దూరంలోనే దిబ్బ పెట్టడం వల్ల ఈ పక్షికి 2004 డిసెంబర్ 26 నాటి సునామీ ప్రాణాంతకమైంది. అదే రోజున భూకంపంతో గ్రేట్ నికోబార్ దక్షిణ కొస నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది, ఇందిరా పాయింట్ దీపస్తంభం మొదలు నీళ్లలో మునిగింది. మెగాపోడ్ పేరిట అభయారణ్యంగా ఉన్న చిన్న దీవి కూడా మునిగింది. 1990ల నాటి సర్వేతో పోల్చి చూస్తే సునామీ తర్వాత మెగాపోడ్‌ల సంఖ్య దాదాపు 70 శాతం పడిపోయిందని అధ్యయనకర్తలు అంచనా వేశారు. ఆ తర్వాత కొన్నిచోట్ల కొత్త దిబ్బలు కనిపించాయి. పక్షి పూర్తిగా తిరిగి కోలుకున్నట్టు మాత్రం లేదు.

నార్కొండం

ఉత్తర అండమాన్‌కు తూర్పున వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, నిద్రపోతున్న అగ్నిపర్వతం నార్కొండం ఉంది. 710 మీటర్ల శిఖరం, చుట్టూ అడవి, మొత్తం విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్లకు లోపే. ఈ దీవిలో తప్ప ప్రపంచంలో ఎక్కడా కనిపించని హార్న్‌బిల్ ఇక్కడుంది. మగదాని తల, మెడ ఎర్రగోధుమ రంగు, ఆడదాని తల నలుపు, రెంటికీ తోక తెలుపు. ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి ముఖద్వారాన్ని మూసేస్తుంది, సన్నని చీలిక మాత్రం వదులుతుంది. గుడ్లు పొదిగి పిల్లలను పెంచే అన్ని వారాలూ మగపక్షి ఆ చీలికలోంచే పండ్లు అందిస్తుంది. అత్తిచెట్లు సమృద్ధిగా ఉండటంతో ఇక్కడ ఒక్కో చదరపు కిలోమీటరుకు నూటయాభై దాకా హార్న్‌బిల్‌లు ఉన్నట్టు ఇటీవలి అధ్యయనాలు చూపాయి. ఏ హార్న్‌బిల్‌కూ ప్రపంచంలో ఇంత గుంపు ఇంకెక్కడా లెక్కకు రాలేదు. అయినా మొత్తం కలిపి వెయ్యికి అటూ ఇటూ. ఒక్క పెద్ద తుఫాను చాలు.

దీవి మీద పోలీసు ఔట్‌పోస్ట్ తప్ప ఊరు లేదు. ఔట్‌పోస్ట్ వారు మాంసం కోసం తెచ్చి వదిలిన మేకలు వందలకు పెరిగి లేత చెట్లను తినేశాయి, ఆ తర్వాత వాటిని తొలగించారు. 2012లో కోస్ట్‌గార్డ్ రాడార్ కేంద్రం ప్రతిపాదనను పర్యావరణ మంత్రిత్వ శాఖ తిరస్కరించింది, 2014లో అనుమతించింది.

లాలాజలపు గూళ్లు

తినదగిన గూడు కట్టే స్విఫ్ట్‌లెట్ కథ మిగతావాటికి తిరగేసినట్టుంటుంది. ఇది గుహ చీకట్లో టిక్ టిక్ శబ్దాలు చేసి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకుంటుంది. గూడు మొత్తం లాలాజలమే. గట్టిపడ్డాక తెల్లని గిన్నెలా గోడకు అంటుకుంటుంది. చైనా, ఆగ్నేయాసియా బజార్లలో దాన్ని సూప్‌కు వాడతారు, కిలో ధర లక్షల్లో ఉంటుంది. దొంగలు గుడ్లూ పిల్లలూ ఉన్న గూళ్లను కూడా పీకేయడం వల్ల పక్షి వేగంగా తగ్గిపోయింది. సాకోన్ (సాలిం అలీ పక్షిశాస్త్ర కేంద్రం) సంస్థకు చెందిన రవి శంకరన్, అటవీశాఖ కలిసి 1999 నుంచి కొత్త దారి పట్టారు. ఉత్తర అండమాన్‌లోని చాలీస్ ఏక్ గుహల్లో ఒకప్పుడు గూళ్లు దొంగిలించిన స్థానికులనే కావలివాళ్లుగా పెట్టారు. పిల్లలు ఎగిరిపోయాక మాత్రమే గూడు కోయాలన్నది నియమం. టుగాపూర్‌లో ఇళ్లల్లో గూడు కట్టే ఇంకో రకం స్విఫ్ట్‌లెట్ గూళ్లలో ఈ పక్షి గుడ్లు పెట్టి పెంపుడు తల్లి పద్ధతి కూడా ప్రయత్నించారు. కొంతకాలం వన్యప్రాణి చట్టం కింద గూళ్లను పూర్తిగా నిషేధించడంతో ఈ ఏర్పాటుకు అడ్డు వచ్చింది. 2009లో ఆ నిబంధన సడలింది. అదే ఏడాది జనవరిలో శంకరన్ మరణించాడు. పక్షిని బతికించడానికి దాని గూడు అమ్ముకునే హక్కు ఇవ్వాలన్న వాదన అందరికీ నచ్చదు, కానీ ఇక్కడ కాపలా కాసింది ఆ హక్కే.

తీరం, బురద, వచ్చిపోయేవి

తీరాల్లో తెల్లపొట్ట సముద్రపు గద్ద, నల్లమెడ రేవుపిట్టలు, దిబ్బ కొంగలు, అనేక రకాల లకుముకిపిట్టలు కనిపిస్తాయి. అండమాన్ టీల్ అనే చిన్న బాతుకు కంటి చుట్టూ తెల్లని వలయం ఉంటుంది. మడచెట్ల కొమ్మల మీద కూర్చుంటుంది, తొర్రల్లో గూడు పెడుతుంది. అక్టోబర్ నుంచి ఉత్తరం నుంచి వలసపక్షులు దిగుతాయి. 2004 భూకంపంలో దక్షిణ అండమాన్ కుంగినప్పుడు సిప్పీఘాట్ వరిపొలాల్లోకి సముద్రపు నీరు వచ్చి నిలిచింది. ఆ రైతులకు అది నష్టం. బాతులకు, వలసపక్షులకు మాత్రం కొత్త చెరువు. ఉత్తర అండమాన్ తీరం పైకి లేవడంతో అక్కడి పగడపు దిబ్బలు ఎండిపోయాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో పదిమందికి ఒకరికి పైగా తెలుగు మాతృభాష. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ కూడా నడుస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు చిడియా టాపూలో ఒక తెల్లవారుజాము గడిపితే చాలు, పైన చెప్పిన అడవి పక్షుల్లో సగం కనిపిస్తాయి. చిడియా అంటే పక్షే.

మనిషి వెంట వచ్చినవి

ఊరికాకి, ఊరి గోరింక, ఊరపిచ్చుక ఇక్కడివి కావు. ఓడల మీద, మనుషుల వెంట వచ్చాయి. రాస్ దీవి (నేటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి) మీది నెమళ్లు కూడా తెచ్చి వదిలినవే. పక్షుల కంటే ఎక్కువ హాని చేసినవి నాలుగు కాళ్లవి. వేట కోసం తెచ్చిన చుక్కల జింకలకు ఇక్కడ పులి లేదు, అందుకే అవి పెరిగి అడవి అడుగున మొలకలను నమిలేస్తున్నాయి. కలప నరికే కంపెనీ వదిలేసిన ఏనుగులు ఇంటర్వ్యూ దీవిలో తిరిగాయి. శత్రువులు లేని చోట పెరిగిన పక్షికి ఎలుక, పిల్లి కూడా కొత్త శత్రువులే.

ఇప్పుడు నిర్మాణాల వంతు. గ్రేట్ నికోబార్‌లో గలథియా అఖాతం దగ్గర కంటైనర్ రేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే ప్రాజెక్టుకు 2022 నవంబర్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. దానికోసం 130 చదరపు కిలోమీటర్ల అడవి మళ్లిస్తారు. గలథియా ఒడ్డు మెగాపోడ్ దిబ్బలున్న చోటు, లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక. గలథియా అభయారణ్యం హోదా 2021 జనవరిలో రద్దయింది. మరుసటి ఏడాది మెగాపోడ్ కోసమని చిన్న మెంచల్ దీవిని కొత్త అభయారణ్యంగా ప్రకటించారు.